బాయిలర్ గది తలుపు

కార్వాన్‌లో మా గల్లీ మలుపున పాత ఇనుము గోదాం ఉంది. చీకటి పడితే అటు ఎవరూ నడవరు. లోపల ఎవరో ఇనుమును కొడతారట... టక్, టక్... ఆగి, మళ్ళీ టక్, టక్.

"ఎండకు సాగిన ఇనుము రాత్రికి చల్లబడి ముడుచుకుంటుందమ్మా. అదే ఆ చప్పుడు" అని అందరికీ చెప్పేదాన్ని, బళ్ళో పిల్లలకు చెప్పినట్టే.

మొన్న పూలమ్మే వైకుంఠం గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. గోదాం రేకుల కిందికి ఉరికాడు. అప్పుడు విన్నాడు... టక్, టక్.

తొంగి చూస్తే — చౌకట్టుతో సహా కోసి తెచ్చి గోడకు ఆనించిన ఇనుప తలుపు. దానికి చెవి పెట్టి, పానాతో కొడుతున్న మా పక్కింటి డానియేలు!

"నువ్వా తాతా! నీ వల్ల గల్లీ గల్లీకి జ్వరాలొచ్చినయ్ గదనే!" వైకుంఠానికి నవ్వాగలేదు.

డానియేలు నవ్వలేదు. "ఈ తలుపు మా ఓడది బిడ్డా" అన్నాడు, గొంతు తగ్గించి.

ఇక్కడ కొంచెం చెప్పాలి. డానియేలు వయసులో ఉండగా నేవీలో చేశాడు. విమానాలు మీదనే దిగి, మీద నుంచే ఎగిరేంత పెద్ద ఓడ. యుద్ధం చేసి తిరిగొచ్చింది. ముసలిదయ్యాక ముక్కలు చేసి తూకానికి అమ్మేశారు. అందులో ఒక ముక్క లారీ ఎక్కి ఇక్కడికొచ్చింది. రంగు కింద నంబరు చూసి డానియేలు గుర్తుపట్టాడు.

"యుద్ధంల బాయిలర్ గదిల ఆవిరి గొట్టం పగిలింది. ఆవిరి ఓడంత పాకకుండ ఈ తలుపు మూసెయ్యమని ఆర్డర్. మూసిన. నా దోస్తు మురళి లోపల్నే ఉండె... రెండుసార్లు కొట్టిండు. మా ఓడల రివాజేందంటే, లోపలోడు కొడితే బయటోడు తిరిగి కొట్టాలె. మనిషున్నడని ధైర్యం. తెరవొద్దన్నరు గని, కొట్టొద్దని ఎవ్వలనలే. నేనే కొట్టలే... బయట నేనుండి గూడ తెరుస్తలేనని వానికి ఎరుకైతదని."

డానియేలు తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది వచ్చినప్పటి సంది రోజూ రాత్రి కొడుతున్న. రేపు గ్యాస్ పెట్టి కోస్తరంట. గందుకే... ఇప్పుడన్న..."

మళ్ళీ కొట్టాడు. టక్, టక్.

ఆగాడు.

తలుపు అవతలి నుంచి... టక్, టక్.

అవతల ఉన్నది గోడ. మనిషి పట్టే సందు లేదు.

"తెరువు తాతా..." అన్నాడు వైకుంఠం. డానియేలు లేచి, రెండు చేతులతో పిడి పట్టుకున్నాడు.

"తెరుస్తుండనుకున్న టీచరమ్మా" అన్నాడు వైకుంఠం, మర్నాడు నాతో ఇదంతా చెబుతూ. నేను చల్లబడే ఇనుము సంగతి ఎత్తబోయి, ఆగాను.

"కాదు... బిగిస్తుండు. ఒళ్ళు బరువంత ఏసి బిగిస్తుండు. 'ఆర్డర్ లేదు మురళీ... ఆర్డర్ లేదు' అనుకుంట."