రెండు వందల గూళ్లు, ఒక నిచ్చెన

మా ప్రాజెక్టు పెట్టింది గుడ్లగూబల్ని కాపాడటానికి. ఫారంలో అడిగేది మాత్రం ఒకటే: చెక్క గూళ్లు ఎన్ని బిగించారు? రెండు వందలు బిగించాం. నూటికి నూరు శాతం. ఈ సంగతి గుడ్లగూబలకి ఎవరూ చెప్పలేదు.

గూళ్లన్నీ రోడ్డు పక్కనే. నిధులిచ్చే పెద్దలు కారు దిగకుండా ఫొటో తీసుకోవాలని మా డైరెక్టర్ ముచ్చట. లారీల హారన్ల మధ్య ఏ పక్షి కాపురం పెడుతుంది?

ఆ పెద్దల తరఫున తనిఖీకి ఒకామె వచ్చింది. చేతిలో ఫైలు, కాళ్లకి కొత్త బూట్లు. ఆ బూట్లు చూడగానే నాకు ఒళ్లు మండింది.

"గూళ్ల లెక్కే కదా మేడమ్? కార్లోంచే కనిపిస్తాయి. అద్దం కూడా దించక్కర్లేదు."

"లోపల ఏముందో చూడాలి."

"మీ ఫారంలో ఆ గడి లేదు."

"నిచ్చెన ఉందా, లేదా?"

మూడు రోజులు ఎక్కుతూనే ఉంది. కింద పట్టుకోవడం నా వంతు. బల్లులు, కందిరీగలు, ఒక గూట్లో ఎవరిదో పాత చెప్పు. ఈక ముక్క లేదు. రెండో రోజు వానకి ఒకే చెట్టు కింద నిలబడ్డాం. ఆమె ముక్కు మీద సాలెగూడు అంటుకుంది. అలా కూడా ఆమె బాగుందని చెప్పకుండా ఊరుకున్నాను.

"గుడ్లగూబలు ఇక్కడికి రావని మీకు తెలీదా?"

"తెలుసు. అవి ఉండేది పాత గోదాముల వైపు."

"మరి వీటిని బిగించిందెవరు?"

ప్రతి మేకూ నేనే కొట్టాను. ఏడాదిగా అందర్నీ వెక్కిరించినవాణ్ణి, తల వంచుకుని నిచ్చెన కాళ్లు సర్దాను.

మూడో రోజు సాయంత్రం డైరెక్టర్ నన్ను తన గదికి పిలిచి, ఆమె ముందే అడిగాడు. "పక్షుల్ని నువ్వు చూశావుగా, చెప్పు." ఊఁ అంటే ఉద్యోగం ఉంటుంది.

"ఒక్కటీ చూడలేదు సార్. రావని తెలిసే బిగించాను."

మర్నాడే నన్ను పంపించేశారు. ఆమె రిపోర్టులో సున్నా అని రాసింది. పెద్దలు దానికి 'విలువైన అనుభవం' అని పేరు పెట్టి, అదే రోడ్డుకి ఇంకో మూడు వందల గూళ్లు మంజూరు చేశారు!

మా నాన్న వడ్రంగి. తిట్టి తిట్టి, చివరికి చెక్క ఇచ్చాడు. ఒక గూడు చేసి గోదాము గోడకి బిగించాను. ఆరు వారాలకి ఆమెకి కబురు పంపాను. వచ్చింది, అవే బూట్లతో. ఇప్పుడవి బాగా అరిగాయి.

నిచ్చెనెక్కి తొంగి చూసింది. లోపల్నుంచి గుడ్లగూబ బుస్సుమంది. ఆమె గబగబా దిగి నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

"ఏ ఫారంలో రాస్తారు?" అన్నాను.

"ఎందులోనూ రాయను. సెలవు పెట్టి వచ్చాను."

"గుడ్లగూబ కోసమా?"

"దానికి ఫొటో చాలు. ఆ రోజు ఆ గదిలో నిజం చెప్పినవాడి కోసం వచ్చా. నువ్వంటే ఇష్టం. ఇది కూడా నిజమే."

ఆమె చేతిని నేనూ గట్టిగా పట్టుకున్నాను. గూడు సరిచూడ్డానికి నాతో వచ్చిన నాన్న వెనకాల సుత్తి సర్దుకుంటూ అందుకున్నాడు.

"అమ్మాయిని ఎండలో నిలబెట్టి మాటలేంట్రా? ఇంటికి తీసుకురా. నిచ్చెన నేను మోస్తాలే."