పదకొండో మీటరు దగ్గర బండ

ఆ ఉదయం పెద్దాయన గడప దగ్గర మెట్టు మీద కూర్చుని, బూట్లకు పట్టిన బురదను చెక్కముక్కతో గీకుతున్నాడు. వెనక గదిలో భార్య కుట్టుమిషను టకటకమంటోంది. వంటింటి గుమ్మంలో కూతురు గబగబా టీ తాగుతోంది.

సైటులో అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. వంతెనలకూ మేడలకూ భూమిలోకి లోతుగా గుంతలు తొలిచి కాంక్రీటు స్తంభాలు పోయడం ఆయన పని. ఆ స్తంభాలను పైల్స్ అంటారు; వంతెనకు పైకి కనిపించే ఒక్కో స్తంభమూ అలాంటి కొన్ని పైల్స్ మీద నిలబడుతుంది. రోజుకూలీగా మొదలై, పాతిక సంవత్సరాలకు సొంతంగా ఒక డ్రిల్లింగ్ యంత్రం కొనుక్కుని, పదిహేనుమంది మనుషులతో చిన్న కాంట్రాక్టరయ్యాడు. కూతుర్ని ఇంజినీరింగ్ చదివించాడు. ఆమె ఇప్పుడు ఓ పెద్ద నిర్మాణ సంస్థలో ఒప్పందాల విభాగంలో పనిచేస్తోంది. ఆ సంస్థ కట్టే కాలువ వంతెనకే ఆయన పైల్స్ వేస్తున్నాడు.

"పాపా, వెళ్ళేలోపు ఇది కాస్త చదివి చెప్పమ్మా. నిన్న సాయంత్రం సైటుకొచ్చింది. అదనపు డబ్బు అడిగినదానికి జవాబనుకుంటా" అంటూ జేబులోంచి కవరు తీశాడు.

కవరు మీద తమ సంస్థ ముద్ర చూడగానే ఆమె చూపు గడియారం మీదికి మళ్ళింది.

"సాయంత్రం చదువుతాలే నాన్నా. టైమైంది."

"రెండు కాగితాలేగా. నీకు మంచినీళ్ళు తాగినంత సేపు పట్టదు."

ఆఫీసు ఉత్తరాల భాష ఆయనకు అందదు. డ్రాయింగులైతే ఎవరూ చెప్పకుండానే చదువుతాడు. ఉత్తరాలు మాత్రం ఎవరో ఒకరు చదివి పెట్టాలి. ఆమె గ్లాసు కిందపెట్టి కాగితం విప్పింది. చదవాల్సిన అవసరం లేదు. ప్రతి వాక్యమూ ఆమెకు తెలుసు.

"భూమి లోపల ఏం తగిలినా ఆ బాధ్యత మీదే అంటున్నారు నాన్నా."

"అదేంటి? మట్టి పరీక్షలు చేయించింది వాళ్ళు కదా. ఇరవై రెండు మీటర్ల దాకా మెత్తటి బంకమన్ను, ఆ కింద రాయి అని రిపోర్టు ఇచ్చింది వాళ్ళే కదా."

"ఆ రిపోర్టు సమాచారం కోసం మాత్రమే ఇచ్చామని ముప్ఫై నాలుగో క్లాజులో ఉంది."

"సమాచారం కోసమా, సరదా కోసమా?" అని నవ్వాడు పెద్దాయన. ఆమె నవ్వలేదు. "సరే, తర్వాత?"

"ఇబ్బంది ఎదురైన ఇరవై ఒక్క రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపలేదు కాబట్టి, అదనపు గడువుగానీ డబ్బుగానీ ఇచ్చే వీల్లేదట."

"మొదటిరోజే చెప్పాను కదే! ఏడో స్తంభం దగ్గర పదకొండు మీటర్లకే బండలు తగిలితే, వాళ్ళ సైటు మేనేజర్ని గుంత పక్కన నిలబెట్టి, రాయిముక్క చేతిలో పెట్టి మరీ చూపించాను. 'మనలో మనకి రాతలెందుకు పెద్దాయనా, పని కానివ్వండి, తర్వాత చూసుకుందాం' అన్నాడు. మూడు రోజుల్లో అయ్యే పైల్‌కి పదేసి రోజులు పట్టింది. ఎనిమిదో స్తంభం దగ్గరా అదే వరస. యంత్రం తొలిచే పళ్ళన్నీ అరిగిపోయాయి. క్రేను అద్దెకి తెచ్చి, ఉలి దింపి కొట్టించాను."

"రాసివ్వాలి నాన్నా."

"ఇంకేముంది?"

"అనుభవమున్న కాంట్రాక్టరు ఇలాంటివి ముందే ఊహించి ఉండాలని... ఆలస్యానికి జరిమానా పట్టుకుంటామని."

పెద్దాయన చెక్కముక్క పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, "ఎవడు రాశాడో గానీ, వేలు పెట్టడానికి సందు లేకుండా రాశాడు. ఎవరిదా సంతకం?" అన్నాడు.

ఆమె కాగితం మడవబోయింది. ఆయన చెయ్యి చాచి అందుకున్నాడు. అక్షరాలు కూడబలుక్కోనవసరం లేకపోయింది. బడి రోజుల్లో తన పాత డ్రాయింగుల వెనక పేజీలకు పేజీలు రాసి కూతురు నేర్చుకున్న సంతకం అది.

వెనక గదిలో మిషను ఆగింది. తల్లి బయటికొచ్చి ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమైంది?"

"ఏమీ లేదు. నీ కూతురు బాగా రాస్తుంది" అన్నాడు పెద్దాయన.

"నేను వద్దన్నాను నాన్నా. ఇది మా నాన్నగారి పని, ఇంకెవరికైనా ఇవ్వండని మా పై ఆఫీసరుకి చెప్పాను. 'అందుకే నువ్వే రాయాలి. వేరేవాళ్ళు రాస్తే లోపలి సంగతులు ఇంటికి చేరవేశావని అంటారు' అన్నాడు. నేను రాయకపోతే ఇంకొకరు రాసేవాళ్ళు. ఒక్క మాట కూడా మారేది కాదు. ఒప్పందంలో అలాగే ఉంది, నేనేం చెయ్యను!"

"ఎప్పుడు రాశావు?"

"సోమవారం."

"ఇవాళ గురువారం." ఆయన గొంతు పెరగలేదు. "ఉత్తరం రాసినందుకు నాకేం బాధ లేదు. ఉద్యోగం, రాశావు. మూడు రోజులు నా ఎదురుగా కూర్చుని భోంచేశావే. 'జవాబొస్తే జీతాలిచ్చేద్దాం' అని నేను మీ అమ్మతో అంటుంటే కంచంలోకి చూస్తూ కూర్చున్నావు. ఒక్క మాట, 'నాన్నా, ఆశ పెట్టుకోకు' అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే ఉద్యోగం పోతుంది నాన్నా. ఆఫీసు సంగతి ఇంట్లో మాట్లాడకూడదని రాయించుకున్నారు."

"నీతో రాయించుకున్నారు, నాతో రాయించుకున్నారు. రాయించుకోనిది ఒక్క మీ అమ్మతోనే."

"బాగుంది! ఒకే ఇంట్లో వాదీ, ప్రతివాదీ. మధ్యలో నేను ఇద్దరికీ టీలు మోసే బంట్రోతుని" అంది తల్లి. నవ్వించాలనే అంది. కానీ వెంటనే తనే అడిగింది: "ఇప్పుడేమవుతుంది? యంత్రం పోతుందా?"

పెద్దాయన బూట్లు తొడుక్కుని, హెల్మెట్ తీసుకుని, కూతురి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆఫీసులో ఆమె తన పని ముట్టుకోలేదు. ఏడో, ఎనిమిదో స్తంభాల రోజువారీ రిపోర్టులన్నీ తెప్పించుకుని ముందేసుకుంది. ఉత్తరం రాసేటప్పుడు వాటిని చూడలేదు. పాత ఉత్తరమొకటి తీసి, పేరూ తేదీలూ మార్చింది, అంతే. 'అనుభవమున్న కాంట్రాక్టరు' అన్న వాక్యం ఎన్నేళ్ళుగా ఎంతమందికి వెళ్ళిందో ఆమెకే తెలియదు.

మొదటి రిపోర్టులోనే ఉంది: 'పదకొండు మీటర్ల వద్ద పెద్ద బండ. తొలవడం ఆగినది.' కింద సైటు మేనేజరు సంతకం. అలాంటివి ముప్ఫై ఒకటి.

ఆమె వాటిని తీసుకుని పై ఆఫీసరు గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. "సార్, రాతపూర్వకంగా తెలిపినట్టే కదా ఇవి! మన మనిషి సంతకం కూడా ఉంది."

ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. "ఒప్పందంలో నోటీసంటే ఏమని రాశారో చెప్పు."

ఆమెకు కంఠతా వచ్చు. "విడిగా ఉత్తరం రూపంలో, ప్రధాన కార్యాలయానికి..."

"రోజువారీ రిపోర్టు నోటీసు కింద లెక్కకు రాదని కూడా ఉంది కదా. ఎవరు చేర్పించారది?"

కిందటేడు ముసాయిదా దిద్దినప్పుడు ఆ వాక్యం చేర్చింది ఆమే. అప్పుడు ఇదే గదిలో మెచ్చుకున్నారు కూడా.

"మీ నాన్నగారు అబద్ధమాడారని నేను అనడం లేదమ్మా. మనకి ఈ వంతెన పనిచ్చినవాళ్ళతో మన ఒప్పందంలోనూ ఇవే మాటలున్నాయి. మనకి రాని డబ్బు ఆయనకి ఎక్కణ్ణుంచి ఇస్తాం? నా చేతుల్లో ఏం లేదు."

"నేను రాజీనామా చేస్తే?"

"నువ్వు వెళ్ళిపోతావు. ఉత్తరం అక్కడే ఉంటుంది."

సైటు మేనేజరుకు ఫోను చేసింది. "అన్నానేమోనమ్మా, రోజుకి వందమందితో మాట్లాడతాను. నోటితో అన్నవన్నీ గుర్తుంటాయా?" అన్నాడతను. ఫోను పెట్టేసి, ముప్ఫై ఒక్క కాగితాలనూ వరస తప్పకుండా సర్దింది. చెయ్యడానికి ఇంకేమీ కనిపించలేదు.

ఆ సాయంత్రం పెద్దాయన భార్యకు మాత్రమే చెప్పాడు. యంత్రాన్ని కొంటానన్నవాడితో మాట అయిపోయింది. ఆ డబ్బుతో మనుషుల జీతాలు తీరతాయి. ఒక్క పైల్ మిగిలింది, అది పూర్తిచేసి ఇచ్చేస్తాడు. పక్కగదిలోంచి కూతురు అంతా విన్నది.

శనివారం మధ్యాహ్నం ఆమె మొదటిసారి తండ్రి పనిచేసే చోటికి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా కాగితాల మీద చూసిన సైటు అది. కాలువ గట్టు వెంట చెప్పులు బురదలో దిగబడ్డాయి. ఎనిమిదో స్తంభం దగ్గర క్రేను బరువైన ఇనప ఉలిని పైకెత్తి గుంతలోకి వదులుతోంది. వదిలినప్పుడల్లా కాళ్ళ కింద నేల అదిరింది. పెద్దాయన గుంత అంచున నిలబడి, పైకొచ్చిన రాతిపొడిని వేళ్ళతో నలిపి చూస్తున్నాడు. రెండు రోజుల్లో మనిషి సగమైనట్టు కనిపించాడు.

మేనేజరు గొడుగు పట్టుకుని పక్కనే ఉన్నాడు. "ఇంకా ఎందుకండీ ఈ తంటాలు? రాయి తగిలిందని రాసేసి ఇక్కడితో ఆపెయ్యండి. బరువు మోస్తుందో లేదో చూసే పరీక్షకి వేరే పైల్ ఎంపికైంది, దీన్నెవరూ పరీక్షించరు. నేను సంతకం పెడతాను."

"ఇది ఊరికే కూరుకున్న బండ. దీని కింద మళ్ళీ బంకమన్నే" అన్నాడు పెద్దాయన, తల తిప్పకుండా.

మేనేజరు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. కూతురు దగ్గరికొచ్చింది. మొన్నటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"ఆపెయ్యి నాన్నా. ఎవరి కోసం ఇదంతా? వాళ్ళు నీకు పైసా ఇవ్వరు. నీ మాట నమ్మలేదు, నీ రిపోర్టులు లెక్కచెయ్యలేదు. ఆయనే సంతకం పెడతానంటున్నాడు. ఆపేసి ఇంటికెళ్దాం పద."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. రెండు రోజుల తర్వాత ఆమెను సూటిగా చూడటం అదే.

"నువ్వు రాసిన ఉత్తరంలో ఒక్క అబద్ధమైనా ఉందా?"

ఆమె తెల్లబోయింది. "లేదు."

"మరి నన్నెందుకు అబద్ధం రాయమంటున్నావు?"

"నీకు న్యాయం జరగలేదు కాబట్టి!"

"ఆ సంగతి బండకి తెలీదమ్మా, దీని మీద రేపు బస్సులో వెళ్ళేవాళ్ళకీ తెలీదు. రెండు వానాకాలాలకి ఈ స్తంభం బెత్తెడు దిగిందనుకో, అప్పుడు ఎవడికి నోటీసివ్వాలి?" చేతులకున్న రాతిపొడి దులుపుకున్నాడు. "నాకూ ఆపెయ్యాలనే ఉంది. ఒళ్ళు సహకరించట్లేదు. కానీ ఇక్కడ ఆపితే, నా బతుకులో మొత్తం ఎన్ని పైల్స్ వేశానో అన్నిటి మీదా నాకే అనుమానమొస్తుంది. యంత్రం ఎలాగూ పోయింది. అదొక్కటన్నా మిగలనీ."

ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు. ఎదుట నిలబడ్డ ఈ మనిషి గురించే, అనుభవమున్నవాడు ముందే ఊహించి ఉండాల్సిందని తను రాసింది. నేల కింద చీకట్లో ఏముందో ఆయన చేతివేళ్ళతో చెప్పగలడు. కాగితంలో ఏముందో చెప్పడానికి ఆయనకు ఇంట్లోనే ఒక మనిషి ఉంది. ఆ మనిషి నోరు విప్పలేదు.

"నోటీసివ్వాలని మొదటిరోజే నీకు చెప్పాల్సింది నాన్నా. నీ ఉత్తరాలతో నాకు సంబంధం ఉండకూడదని దూరంగా కూర్చున్నాను. నన్ను క్షమించు."

"నేనూ అడగలేదుగా. కూతురు ఆఫీసులో ఉంది, ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను." తల నిమరబోయి, చేతికున్న బురద చూసుకుని ఆగాడు. ఆమే ఆ చెయ్యి పట్టుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

అప్పుడే గుంతలోంచి వచ్చే చప్పుడు మారింది. "పగిలింది పెద్దాయనా!" అని అరిచాడు ఆపరేటరు. ఉలిని తీయించి, యంత్రాన్ని మళ్ళీ గుంత మీదికి తెచ్చారు. పైకొచ్చింది ఆయన చెప్పినట్టే మెత్తటి, నల్లటి బంకమన్ను. ఆయన పిడికెడు తీసి కూతురికి చూపించాడు. ఆ రోజు చీకటి పడేదాకా ఆమె ఇంటికి వెళ్ళలేదు. అసలైన రాయి తగిలి, ఇనుప చట్రం దించి కాంక్రీటు పోయడం పూర్తయ్యేసరికి మరుసటి శనివారం వచ్చింది. ఆ వారమంతా ఆఫీసు అయ్యాక రోజూ ఆమె గట్టు మీదికి వచ్చి నిలబడింది. అంతకుమించి ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆఖరి రోజు యంత్రాన్ని కొన్నవాడు పెద్ద లారీ తెచ్చాడు. మనుషులంతా చుట్టూ చేరి దాన్ని ఎక్కించారు. ఆపరేటరు తాళంచెవి ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. లారీ కదిలి మలుపు తిరిగేదాకా పెద్దాయన చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చుట్టూ చూసుకున్నాడు. చెయ్యాల్సిన పనేదో మర్చిపోయినట్టుగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుగా ఉంది ఆయన చూపు.

తండ్రీ కూతుళ్ళు సిటీబస్సెక్కారు. బూట్ల బురద చూసి కండక్టరు గొణిగితే, "తుడిచే దిగుతాంలే" అంది ఆమె. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

"రేపట్నుంచి ఏం చేస్తావు నాన్నా?" అని అడిగింది చివరికి.

పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు.

"రేపు ఆదివారం కదే" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. కాసేపటికి కునుకు పట్టి ఆయన తల మెల్లగా ఆమె భుజం మీద వాలింది. దిగాల్సిన స్టాపు వచ్చినా లేపబుద్ధి కాలేదు. బస్సును చివరి స్టాపు దాకా పోనిచ్చింది.