పదిహేడో నంబరు పక్కన సున్నా

కోపం రాదా మరి? ప్రెస్సులో బైండింగు పనివాణ్ణి నేను. కుట్టేముందు పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. చూసుకుంటుంటే ఒక పేజీలో నేనే కనబడ్డాను. పదిహేడో నంబరు, బైండింగు పని, ముప్పై ఒక్క ఏళ్లు, ఒంటరి నివాసం. వారంలో మనసు విప్పి మాట్లాడిన మనుషులు: సున్నా.

నేను చెప్పిందేమిటి, ఆవిడ అచ్చేయించిందేమిటి?

ఆవిడంటే యూనివర్సిటీలో సోషియాలజీ లెక్చరర్. ఒంటరితనం మీద రిసెర్చి. నలభై మందిని పట్టుకుని, ఒక్కొక్కరితో నాలుగు మంగళవారాలు కూర్చుని ప్రశ్నలడిగింది. మొదటి వారం నేను గట్టిగానే దులిపేశాను. నాకేం లోటు, ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేస్తుందన్నాను. ఏం మాట్లాడుకుంటారని అడిగింది. ఐదు నిమిషాల్లో నాలుగు బావగారి మోకాలి నొప్పికే పోతాయని ఒప్పుకోక తప్పలేదు. ఆవిడ నవ్వాపుకోలేక ఫారం మొహానికి అడ్డం పెట్టుకుంది.

రెండో వారానికి నేను చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. మూడో వారం వాన పడి, గంట ప్రశ్నలు మూడు గంటలు సాగాయి. నాలుగో వారం, ఎవరితో మనసు విప్పి మాట్లాడారని అడిగితే, ఒక్కరితో, మీతోనే అన్నాను. ఆవిడ తల వంచుకుని ఒకటి అని రాయడం నా కళ్లతో చూశాను. ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ జాడ లేదు.

చేతుల జిగురైనా కడుక్కోకుండా ఆ పేజీ పట్టుకుని ఆవిడ గదికి వెళ్లాను.

"మా మనసులు మీరే తెరిపిస్తారు, ఆనక మీరే సున్నా చుడతారు. ఇదేం చదువు మేడమ్?"

ఆవిడ మొహం ఎర్రబడింది. ప్రశ్నలడిగే మనిషి లెక్కలోకి రాకూడదన్నది రూలట. ఒకటి కొట్టేసి సున్నా వేసింది ప్రొఫెసర్ గారట. రిపోర్టు అచ్చయ్యేదాకా మమ్మల్ని కలవకూడదన్నది ఇంకో రూలట. శుక్రవారం ప్రమోషన్ ఇంటర్వ్యూ, చేతిలో ఉన్నది ఈ రిపోర్టొక్కటే.

"అయితే అబద్ధంతోనే ప్రమోషన్ తెచ్చుకోండి" అనేసి వెనక్కి తిరిగాను.

ఆవిడ నా చేతిలో పేజీ లాక్కుని, పెన్సిలుతో నా వరస మొత్తం కొట్టేసింది. ఒళ్లు మండిపోయింది నాకు. సున్నాకి కూడా పనికిరానా అని అడిగాను.

"అడిగినవాళ్లకీ చెప్పినవాళ్లకీ మధ్య బంధముంటే ఆ ఫారం చెల్లదు" అంది, అంతే కోపంగా.

"మనకేం బంధం?"

సొరుగులోంచి ఒక ఫారం తీసి బల్లమీద కొట్టినట్టు పెట్టింది. జనాన్ని అడిగే ప్రశ్నలకి తనూ వారం వారం జవాబు రాసుకోవాలట, అదీ వాళ్ల పద్ధతే. ఆ నాలుగో మంగళవారం తేదీ. మనసు విప్పి మాట్లాడిన మనుషులు: ఒకటి. ఎవరు అన్నచోట, పదిహేడు.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. కూర్చోమంటే కూర్చున్నాను.

ముప్పై తొమ్మిది మందితో రిపోర్టు మళ్లీ అచ్చయింది. నేనే కుట్టాను. ప్రొఫెసర్ గారు మండిపడ్డారు. ఇంటర్వ్యూలో అరగంట సేపు ఆ తీసేసిన ఒక్కడి గురించే అడిగారట. ఉన్నదున్నట్టు చెప్పానంది. ప్రమోషన్ సంగతి ఇంకా తేలలేదు.

ఆదివారం అక్క ఫోన్ చేసింది. బావగారి మోకాలికి ఈసారి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు.