కాకి లేని వ్యాసం

అన్నం బెల్లు ఇంకా కొట్టలేదు. అయిదో తరగతి గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. 'మా ఇల్లు' మీద పిల్లలు రాసిన వ్యాసాలను సంపత్ సార్ ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. మమత వంతు వచ్చింది.

"మా తాత చనిపోయాడు. అమావాస్య నాడు అవ్వ తాతకు అన్నం పెట్టింది. విస్తరి ఖాళీ అయింది. సైరన్ మోగింది. గోడలు ఊగాయి. తాత ఫొటో పక్కకు తిరిగింది. నాన్న భూమి లోపలికి దిగాడు. తెల్లారింది. నాన్న రాలేదు. అవ్వ గడప ముందర బూడిద చల్లింది."

చదివే కొద్దీ సార్ గొంతు తగ్గిపోయింది. మమత పక్కన కూర్చున్న వేదిక తన సంచీని మెల్లగా అవతలి వైపుకు జరుపుకుంది.

"మంచిగనే రాసినవ్ కానీ..." అని సార్ ఏదో చెప్పబోయేసరికి బెల్లు కొట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా బయటికి ఉరికారు.

కుళాయి దగ్గర త్రివిక్రమ్ అడ్డం నిలబడ్డాడు. "ఏయ్ మమతా, మీ అవ్వ మంత్రాలు చేస్తదా?"

"మంత్రాలు లేవు, గింత్రాలు లేవు. జరుగు!"

"మరి చచ్చిపోయినాయన అన్నం ఎట్ల తిన్నడే?"

మమత అతన్ని తోసుకుని కుళాయి తిప్పింది. తను అబద్ధం ఒక్కటీ రాయలేదే!

మర్నాడు వేదిక వేరే బెంచీలో కూర్చుంది. వేదిక వాళ్ళది మంథని. వాళ్ళ నాన్నది పవర్ ప్లాంటులో ఉద్యోగం కాబట్టి బడి దగ్గరి జ్యోతినగర్ క్వార్టర్లలో ఉంటారు. రెండో శనివారం ఆమె మొదటిసారి మమత ఇంటికి రావాలి. అప్పుడే సర్వపిండి రొట్టెలకు బియ్యం కూడా పట్టించింది అవ్వ.

"నేను రాను మమతా," అంది వేదిక, నేల చూస్తూ. "నీ వ్యాసం మా అమ్మకు చెప్పిన. ఆ ముసలామె ఇంటికి పోవద్దన్నది."

ఆ ముసలామె! మా అవ్వనేనా?

షేర్ ఆటో దిగి గోదావరిఖని చివరి లైన్లలో ఉన్న ఇంటికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. బొగ్గు దుమ్ము పట్టి ఆకాశం మసిబట్టలా ఉంది. నాన్న బొగ్గు గనిలో డ్యూటీలో ఉన్నాడు. అమ్మ నీళ్ళ కోసం వెళ్ళింది. ఇంట్లో చప్పుడు లేదు.

మమత నోటుబుక్కు తెరిచి, తన వ్యాసాన్ని తనే పైకి చదువుకుంది.

'విస్తరి ఖాళీ అయింది.'

ఎవరు తిన్నారు?

'తాత ఫొటో పక్కకు తిరిగింది.'

ఎవరు తిప్పారు?

జవాబులన్నీ తనకు తెలుసు. అయినా తల ఎత్తి చూసింది. గోడ మీది తాత ఇంతకు ముందెప్పుడూ అలా చూడలేదనిపించింది. వెనుక ఏదో పాదం ఈడ్చిన చప్పుడు.

"అవ్వా!" అని కెవ్వున అరిచింది.

"ఏందే పోరీ, గట్ల ఒర్లుతున్నవ్? నేనే!" వెనుక తలుపులో చేటతో అవ్వ నిలబడి ఉంది.

మమత ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది, ఒక్క 'ముసలామె' మాట తప్ప. అవ్వకు చదువు రాదు. అందుకని వ్యాసం చదివి వినిపించింది.

అవ్వ చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నది. "నాకే దడ పుడుతుంది గదనే! విస్తరి ఎట్ల ఖాళీ అయింది?"

"కాకి తిన్నది కదా."

"మరి కాకిని ఎందుకు రాయలే? పాపం అది చేసిన పని ఎవ్వల మీద పడ్డది సూడు. మీ నాయిన ఎందుకు రాలే?"

"సదయ్య కాకకు జ్వరమొచ్చింది. అందుకే నాన్న ఆయన షిఫ్టు కూడా చేసిండు."

"బూడిద?"

"చీమలొచ్చినయ్. ఎందుకంటే మెతుకులు కింద పడ్డయ్."

"నోటితోని మంచిగనే చెప్తున్నవ్. రాతల గవన్ని ఎందుకు లేవు?"

మమత తల వంచుకుంది. సార్ పది వరుసలే రాయమన్నారు. తను మొదట రాసింది ఇరవై దాటింది. 'ఆ తర్వాత', 'ఎందుకంటే', 'అందుకే', 'కానీ'... ఇవన్నీ పొట్టు మాటలే అనుకుని గీతలు కొట్టేసింది. వాటితో పాటు కాకీ, చీమలూ, సదయ్య కాకా అందరూ పోయారు.

"మీ తాత బాయిల పట్టాల మీద ఉరికే బొగ్గు టబ్బులను కలిపే లంకెలు వేసెటోడు," అంది అవ్వ, చేటలో బియ్యం ఏరుతూ. "లంకె గింతే ఉంటది, పిడికెడంత. అది ఊడిందంటే టబ్బు చీకట్ల ఎటు ఉరుకుతదో, ఎవ్వల మీదికి పోతదో ఎరుక లేదు. గా చప్పుడింటే పానం పోయినట్టే ఉండేదనేటోడు."

మమత పెన్సిల్ చెక్కుకుంది. తర్వాత కొత్త పేజీ తిప్పింది.

మర్నాడు సార్‌ను అడిగి, తన వ్యాసాన్ని తనే చదివింది.

"మా తాత చనిపోయాడు. అయినా ప్రతి అమావాస్యకు అవ్వ ఆయన పేరు మీద గోడ పైన విస్తరి పెడుతుంది. అప్పుడు కాకి వచ్చి తింటుంది. మా ఇంటి దగ్గర ఓపెన్‌కాస్టు గని ఉంది. అక్కడ బండలు పేల్చే ముందు సైరన్ మోగుతుంది. ఆ తర్వాత భూమి అదురుతుంది. అందుకే గోడలు ఊగి, తాత ఫొటో పక్కకు తిరుగుతుంది..."

"పేజీ దాటింది సార్!" అన్నాడు త్రివిక్రమ్.

"దాటనీ రా," అన్నారు సార్. "ఇయ్యాల కాకి కూడ వచ్చింది."

అందరూ నవ్వారు. వేదిక నవ్వలేదు. కానీ సాయంత్రం ఆ పేజీని అడిగి తీసుకుంది, వాళ్ళ అమ్మకు చూపించడానికి.

రెండో శనివారం వేదిక వచ్చింది. వాళ్ళ అమ్మ కూడా వచ్చి, అవ్వ పక్కన మంచం అంచు మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది.

మూడు గంటలకు సైరన్ లేచింది. సన్నగా, పొడుగ్గా, ఎవరో దూరం నుంచి ఏడుస్తున్నట్టు. వీధిలో కుక్కలు గప్‌చుప్‌గా అరుగుల కిందికి దూరాయి. వేదిక కళ్ళు గట్టిగా మూసుకుంది.

మమత ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు సైరన్ ఆగుతది. ఆగినంక కొంచెంసేపు ఏం వినబడదు. గదే భయమైతది. ఆ తర్వాత కింది నుంచి గుడగుడమంటది, ఎందుకంటే బండ పగులుతది. కానీ మనకేం గాదు."

సైరన్ ఆగింది. గాలి కూడా ఆగినట్టయింది.

కాళ్ళ కింద ఏదో పెద్ద జంతువు నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు భూమి కదిలింది. అరలో గిన్నెలు గలగలలాడాయి. పైకప్పు నుంచి సన్నని దుమ్ము రాలి వేదిక జడ మీద పడింది.

వేదిక ఒక కన్ను తెరిచింది. చెయ్యి మాత్రం వదలలేదు.

"ఆ తర్వాత?" అంది గుసగుసగా.

"ఆ తర్వాత జల్ది బయటికి ఉరకాలె. లేకపోతే దుమ్ము లేచేది కనబడదు!"

ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తారు. మట్టిగుట్టల అవతల ఎర్రటి దుమ్ము చప్పుడు లేకుండా, మెల్లగా, ఆకాశంలోకి లేస్తోంది.