యాభై అయిదు న్యూటన్ల చేయి

బల్లను చేత్తో నొక్కితే, బల్ల కూడా చేతిని సరిగ్గా అంతే బలంతో వెనక్కి నెడుతుంది. సృష్టిలో ఇంతకంటే నమ్మదగిన బాంధవ్యం మరొకటి లేదు. సామ్రాజ్యాలు మాట తప్పాయి, తోకచుక్కలు దారి తప్పాయి. బల్ల మాత్రం ఏనాడూ తప్పలేదు.

2094లో, చంద్రుని ఆవలి ముఖం మీది వేధశాలలో పద్నాలుగు నెలలుగా ఒంటరిగా ఉంటున్న డాక్టర్ మందాకినికి ఈ సత్యం మీద అపారమైన భక్తి. ఈ ఎదురుబలాన్ని, అంటే అభిలంబ ప్రతిచర్యను, రేడియో తరంగాల మీద పంపే ‘స్పర్శఫలకం’ ఆమె సృష్టే. అరచేతంత లోహపు బిళ్లలు రెండు. ఒకటి ఆమె బల్ల మీద ఉంది. రెండోది విశాఖ ప్రయోగశాలలో, సహశాస్త్రజ్ఞుడు సన్యాసిరావు దగ్గర. ఒకదాన్ని ఎంత బలంతో నొక్కితే రెండోది అంతే బలంతో నెడుతుంది. నడుమ నాలుగు లక్షల కిలోమీటర్ల శూన్యమున్నా, రెండూ కలిసి ఒకే బల్ల.

రోజూ ఉదయం తొమ్మిదికి ఆమె ఫలకం మీద అరచేయి మోపేది. అవతలి నుంచి యాభై అయిదు న్యూటన్ల బలం ఎదురొచ్చేది. చంద్రుని మీద అది ఆమె బరువులో సగం. తనను సగం మోసే మనిషి ఒకడున్నాడన్నమాట. సాయంత్రానికి ఆ బలం ఆరు న్యూటన్లకు సన్నగిల్లేది. పాపం, అలసిపోతాడనుకునేది.

“ఆయన భోజనానికైనా లేవరా మేడమ్?” అని వేధశాల గణకయంత్రం ఒకసారి అడిగింది.

“నీ పని నువ్వు చూసుకో.”

చేయి ఉండగా మాటలెందుకని, పదకొండు నెలలుగా ఆమె సన్యాసిరావుకు ఫోను చేయలేదు.

ఆనాడు నౌక రానుంది. అంగారక కేంద్రానికి అధిపతిగా ఏడేళ్లు వెళ్లాలో, భూమికి తిరిగిపోవాలో ఆమె తేల్చి చెప్పాలి. పత్రంలో ‘భూమి’ అని రాసి, సంతకానికి ముందు ఫలకం మీద చేయి పెట్టింది.

“సున్నా,” అంది యంత్రం.

“మళ్లీ చూడు.”

“మూడుసార్లు చూశాను. ఫలకంలో లోపం లేదు. అవతలే ఎవరూ లేరు.”

ఆమె విశాఖకు ఫోను కలిపింది.

“ఏటి మేడమ్, ఇన్నాళ్లకి గుర్తొచ్చేమా?” అన్నాడు సన్యాసిరావు.

“మీ ఒంట్లో బాగానే ఉందా?”

“నాకేటి, దుక్కలా ఉన్నాను.”

“మరి ఫలకం మీద మీ చేయి...”



“చెయ్యా? మీరు మాటాడ్డం మానేస్తే ప్రయోగం అయిపోయిందనుకున్నాం మేడమ్. కేంటీన్లో నీళ్లడబ్బా స్టాండుకి ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టేం. కొలిచి చేసినట్టు సరిపోయింది.”

పొద్దున నిండు డబ్బా, సాయంత్రానికి ఖాళీ డబ్బా. నాలుగు కాళ్లలో ఒక కాలి వాటా. మందాకిని లెక్క కట్టుకుంది. లెక్క నిర్దాక్షిణ్యంగా సరిపోయింది.

“మరి దాన్ని ఎందుకు తీసేశారు?”

“రోజూ తొమ్మిదయ్యేసరికి డబ్బా ఒణికిపోయేది మేడమ్. నీళ్లు తొణికి నేలంతా తడి. భూకంపాలోళ్లకి కూడా రాసేం. వాళ్లు వొచ్చి చూసి, ఏటీ లేదనీసేరు. ఆఖరికి నిన్న ఆ బిళ్లే తీసేసేం.”

ఆ వణుకు తన చేతిదేనని ఆమె చెప్పలేదు. పత్రంలో ‘భూమి’ని కొట్టివేసి ‘అంగారకం’ అని రాసి, సంతకం చేసింది. తరువాత, శాస్త్రజిజ్ఞాసతో మాత్రమే, అడిగింది:

“ఇప్పుడు కాలు కింద ఏం పెట్టారు?”

“బిస్కెట్ల పెట్టె అట్ట, మడతెట్టి. డబ్బా అస్సలు కదల్డం లేదు మేడమ్.”