మధ్యలో మూడో అద్దం

"మూడు అద్దాలు కావాలండి. నల్లవి, పోలరైజ్డ్. ఫ్రేమ్ వద్దు."

బయట వాన దంచి కొడుతోంది. ఆ అమ్మాయి గొడుగు మడవడం కూడా మర్చిపోయి, అలాగే తెరిచి పట్టుకుని మా షాపు మధ్యలో నిలబడింది. గొడుగు నీళ్ళన్నీ మా కౌంటరు మీద కారుతున్నాయి. ముక్కు మీదున్న కళ్ళజోడు కూడా తడిసి ముద్దయింది.

మా మేనల్లుడు తలెత్తి చూశాడు. ఆరడుగుల మనిషి, కళ్ళు పరీక్ష చేసే చదువు చదివాడు, అయినా ఇంట్లో అందరికీ బుజ్జిగాడే. వాడికి కాస్త నోటిదూల.

"మూడా? మీకు కళ్ళెన్నండీ?"

"రెండే. వాటితోనే మీ బోర్డు చదివాను. ఏ రకం అద్దమైనా దొరుకును అని ఉంది. అద్దాలిస్తారా, బోర్డు మారుస్తారా?"

నేను లోపల అద్దాలు అరగదీసే మిషను దగ్గర ఉన్నాను. మిషను ఆపేశాను. ఇలాంటి మాటలు మిషను చప్పుడులో పోగొట్టుకోకూడదు కదండీ.

సంగతేమిటంటే, మా వీధిలోనే ఉన్న కాలేజీలో ఆ అమ్మాయి కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరరు. క్వాంటమ్ పాఠం మొదలుపెట్టబోతోంది. బోర్డు మీద లెక్కలు గీకి ఊరుకోకుండా పిల్లలకి కళ్ళారా చూపించాలని ఆమె పట్టుదల. ఎండలో వేసుకునే జోళ్ళలో కొన్నింటికి ఈ పోలరైజ్డ్ అద్దాలుంటాయి. నీళ్ళ మీదా, తడి రోడ్డు మీదా కళ్ళల్లో గుచ్చుకునే మెరుపుని ఆపుతాయి. అవి కావాలామెకి.

మర్నాడు ఇస్తామన్నాం. తీరా చూస్తే స్టాకులో రెండే ఉన్నాయి. మా వాడేం చేశాడంటే, మామూలు నల్లద్దం ఒకటి గుండ్రంగా కోసి ఆ రెండింటితో కలిపేశాడు.

"ఏరా, అది పోలరైజ్డ్ కాదు కదా?" అన్నాను.

"నలుపు నలుపే మావయ్యా. పాఠం చెప్పుకోడానికేగా, ఎండలో తిరగడానికా?"

అద్దాలు తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే మళ్ళీ వచ్చింది. తలుపు తెరిచిన తీరులోనే నాకు విషయం అర్థమైపోయింది.

"క్లాసులో నా పరువు తీశారు కదండీ! హెచ్‌ఓడీ గారు వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు. 'ఇప్పుడు మూడో అద్దం మధ్యలో పెడితే వెలుగొస్తుంది' అని గొప్పగా చెప్పి పెట్టాను. చిమ్మచీకటి! 'మేడమ్, కరెంటు పోయిందా' అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది."

బుజ్జిగాడు నోరు మూసుకుని నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

"తప్పు నాదేనండి. మూడోది మామూలుది పెట్టాను," అన్నాడు. తర్వాత బుర్ర గోక్కుంటూ, "కానీ ఒక డౌటండి. రెండు నల్లద్దాల మధ్య ఇంకో నల్లద్దం పెడితే వెలుగెలా వస్తుంది? ఇంకా చీకటైపోవాలి కదా?"

ఆ అమ్మాయి తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఆగింది. పోట్లాడటానికి వచ్చిన మనిషి పోయి పంతులమ్మ బయటికొచ్చింది.

"అసలుది ఉందా?"

మధ్యాహ్నమే కొత్త సరుకు వచ్చింది. అందులోంచి ఒకటి తీసిచ్చాను. ఆమె తన రెండద్దాల్నీ ఒకదాని వెనక ఒకటి పట్టుకుని ట్యూబులైటుకేసి చూపించింది. ఒకదాన్ని మెల్లగా తిప్పింది. లైటు మసకబారి, ఇంకా మసకబారి, మొత్తానికి మాయమైంది.

"చూశారా అంకుల్? మొదటి అద్దం వెలుగులో ఉన్న ఒక్కో కణాన్నీ అడుగుతుంది, నిలువా అడ్డమా అని. నిలువన్నదాన్నే పోనిస్తుంది. రెండో అద్దం అడ్డమన్నదాన్నే పోనిస్తుంది. దాని దాకా వచ్చినవన్నీ నిలువువే. ఒక్కటీ దాటదు."

"బావుంది," అన్నాను.

"ఇప్పుడిది." మూడోదాన్ని ఏటవాలుగా తిప్పి ఆ రెండింటి మధ్యలో దూర్చింది.

ట్యూబులైటు కనిపించింది! మసగ్గానే, కానీ కనిపించింది. నేను స్టూలు మీంచి లేచి నిలబడిపోయాను. ఇన్నేళ్ళ నుంచీ అద్దాలతోనే బతుకుతున్నవాణ్ణి, ఇదెప్పుడూ చూడలేదు.

"అడ్డు పెడితే వెలుగు రావడమేంటమ్మా?"

"ఇది వేరే ప్రశ్న అడుగుతుందండి. ఇటు వాలావా, అటు వాలావా అని. దానికి జవాబు చెప్పగానే పాత జవాబు చెరిగిపోతుంది. నిలువని చెప్పిన గుర్తు కూడా మిగలదు. అప్పుడు మళ్ళీ నిలువా అడ్డమా అనడిగితే కొత్తగా చెప్పాలి. కొన్ని అడ్డం అంటాయి. అవి దాటేస్తాయి."

"అయితే ముందు చెప్పింది అబద్ధమా?"

"కాదంకుల్. అడగక ముందు జవాబే లేదు. అడగడం వల్ల జవాబు పుట్టింది. అందరూ ఇది ఒప్పుకోరు లెండి. జవాబు ముందే ఉంది, మనకే తెలీదని కొందరంటారు. రెండు జవాబులూ నిజమే, లోకమే రెండుగా చీలిపోయిందని ఇంకొందరు. పెద్దపెద్దవాళ్ళే ఇంకా కొట్టుకుంటున్నారు."

నేను అద్దాల్లోంచి చూస్తున్నాను. మా వాడు మాత్రం అద్దాల వైపు చూడట్లేదు.

ఆ తర్వాత ఏమైందో మీరే చెప్పండి. ఆ అమ్మాయి కళ్ళజోడు మర వదులైంది. బిగించాడు. రెండ్రోజులకి మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. నేను ఈ లైనులోనే తల నెరిసినవాణ్ణి, అన్నిసార్లు వదులయ్యే మర నేనెక్కడా చూడలేదు. వీడు సగమే బిగిస్తున్నాడని నా అనుమానం. ఆమెకి తెలిసే వస్తోందని ఇంకో అనుమానం.

"నిన్న వీడియోలో చూశానండి," అంటాడు వీడు స్క్రూడ్రైవరు తిప్పుతూ. "రెండు కణాలు ఒకసారి ముడిపడితే, ఎంత దూరంలో ఉన్నా జంటేనట. మనలాగ."

"ఆ జంటలో ఒకటి పైకి తిరిగితే రెండోది కిందకి తిరుగుతుంది. మీరు తలకిందులుగా నిలబడతానంటే నాకేం అభ్యంతరం లేదు."

"పోనీ లోకాలు చీలిపోతాయన్నారు కదా. ఏదో ఒక లోకంలో మీరు నాతో టీకి ఒప్పుకునే ఉంటారు."

"అయితే ఆ లోకంలో ఉన్న నన్నే అడగండి. ఈ లోకంలో నాకు క్లాసుంది."

గుమ్మం దాకా వెళ్ళి, గొడుగు తెరుస్తూ వెనక్కి తిరగకుండానే అంది. "నాలుగింటికి అయిపోతుంది."

ఆ రోజు నాలుగింటికి వాన తగ్గలేదు. వీడు తన గొడుగు షాపులోనే వదిలేసి వెళ్ళాడు. మతిమరుపు కాదు, తెలివి.

ఇలా నడుస్తుండగా ఒకరోజు ఆమె నాన్నగారు మా షాపుకొచ్చారు. రిటైరైన టీసీ. రైళ్ళల్లో టికెట్లు అడిగీ అడిగీ, బండి దిగాక కూడా ఆయన ఏదడిగినా ఉందా లేదా, అవునా కాదా అనే అడుగుతారు. మూడో మాట ఆయన చెవికెక్కదు. ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్ళిన సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు.

"అమ్మాయిని పొద్దున అడిగాను. ఆ కళ్ళజోళ్ళ కుర్రాణ్ణి ప్రేమిస్తున్నావా, అవునా కాదా అని. కాదంది. ఇప్పుడు నువ్వు చెప్పు. మా అమ్మాయిని ప్రేమిస్తున్నావా? అవునా, కాదా?"

బుజ్జిగాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆవిడ కాదన్నారా అండీ?"

"నేనడిగింది అది కాదు."

"...లేదండి."

"సంతోషం. గొడవే లేదు. ఒక మంచి సంబంధం వచ్చింది. ఆదివారం వాళ్ళకి మాటిచ్చేస్తున్నాను." గుమ్మం దగ్గర ఆగి, ముక్కు మీది జోడు సర్దుకున్నారు. "ఈ జోడుతో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఎప్పుడైనా ఒకసారి చూడండి."

ఆయనటు వెళ్ళగానే నేనిటు అందుకున్నాను. "నోట్లో నాలుక లేదురా? రోజంతా వాగుతావు కదా, అసలు మాట అడిగితే లేదంటావా?"

"ఆవిడ కాదన్నాక నేను అవునంటే, ఇంట్లో ఆవిడ ఇరుక్కోదా మావయ్యా?"

నేను వెళ్ళి మిషను ఆన్ చేసుకున్నాను.

మర్నాటి నుంచీ ఆ అమ్మాయి రోడ్డుకి అటుపక్క ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టింది. అటు మురుగుకాలవ మూత విరిగి ఉంటుంది, మనుషులెవరూ అటు నడవరు. మా వాడేమో గుడ్డ పట్టుకుని షాపు ముందు గాజు తలుపు తుడవడం మొదలుపెట్టాడు. పొద్దున కాలేజీ తెరిచే వేళకి తుడుస్తాడు, సాయంత్రం మూసే వేళకి తుడుస్తాడు. మధ్యలో వచ్చినవాళ్ళకి దగ్గరి చూపు అద్దం బదులు దూరపు చూపు అద్దం పెడతాడు.

ఆదివారం దగ్గరికొచ్చేసింది. నాకు చెయ్యి ఆడట్లేదు. కౌంటరు మీద అలాంటివే మూడద్దాలు కనిపించాయి. ఊరికే తీసుకుని లైటుకి పట్టాను. రెండద్దాలు ఎదురెదురుగా. చీకటి. ఇటొక 'కాదు', అటొక 'కాదు'. మధ్యలో మూడోది ఏటవాలుగా దూర్చాను.

నవ్వకండి. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. కానీ క్వాంటమ్ మెకానిక్స్ నాకు ఆ నిమిషంలో అర్థమైనట్టు ఎవరికీ అయ్యుండదు.

టీసీ గారికి ఫోన్ చేశాను. "మీ కళ్ళు చూస్తాం, శనివారం రండి. చుక్కలు వేస్తారు, కాసేపు చూపు మసకేస్తుంది. ఒంటరిగా రాకూడదు, ఇంట్లోవాళ్ళని తోడు తెచ్చుకోండి."

ఇంట్లోవాళ్ళంటే ఆయనకున్నది కూతురొక్కతే.

శనివారం ఇద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి పరీక్ష గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చుని గోడ మీది అక్షరాల బోర్డుకేసే చూస్తోంది. బుజ్జిగాడు టీసీ గారి ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తున్నాడు.

"ఇది బాగుందా అండీ... ఇది బాగుందా?"

"అవునా కాదా అని అడగవయ్యా."

"ఇక్కడ అవునూ కాదూ ఉండవండి. మొదటిదా, రెండోదా?"

"మొదటిది... కాదు, రెండోది... ఉండు. రెండూ ఒకలాగే ఉన్నాయి. మళ్ళీ చూపించు."

"మళ్ళీ అడిగితే మాట మారుతుందేమో చూస్కోండి సార్," అన్నాను నేను. ఆయనకి నచ్చలేదు.

పక్కవీధి కంటి డాక్టరమ్మ ముందే రాసిచ్చిన చుక్కలు బుజ్జిగాడు వేశాడు. "మందు పనిచేసే దాకా కళ్ళు మూసుకుని కూర్చోండి," అన్నాడు. ఆ అమ్మాయి అక్షరాలు చదువుతోంది. వీడు చుక్కల సీసా మీది చిన్న అక్షరాలు చదువుతున్నాడు.

నేను గొంతు సర్దుకున్నాను. నిలువు ప్రశ్న కాదు, అడ్డం ప్రశ్న కాదు. ఏటవాలుగా అడగాలి.

"అమ్మా, ఈ మధ్య అటుపక్క ఫుట్‌పాత్ మీద నడుస్తున్నావేం? కాలవ మూత విరిగి ఉంది కదా, చెప్పులన్నీ బురద."

"ఇటు నడిస్తే లోపలికి చూడాల్సొస్తుందంకుల్."

"చూస్తే ఏమవుతుంది?"

"ఆగాల్సొస్తుంది."

"ఆగితే?"

ఆమె తల దించుకుంది. "ఆగితే మళ్ళీ కాళ్ళు కదలవు."

బుజ్జిగాడి చేతిలోంచి సీసా జారి బల్ల మీద దొర్లింది.

"నువ్వు చెప్పరా. ఆ గాజు తలుపు అరిగిపోయేలా తుడుస్తున్నావు. దాని మీద దుమ్మెక్కడుంది?"

"దుమ్ము కోసం కాదు మావయ్యా. ఆవిడ ఆ విరిగిన మూత దాటేదాకా చూస్తాను. పడిపోతారేమోనని."

"రోజూనా?" అంది ఆ అమ్మాయి, తలెత్తి.

"రోజూనండి."

"మరి నాన్నతో లేదన్నారట?"

"ముందు మీరు కాదన్నారట!"

"ఏం చెయ్యను? టికెట్ అడిగినట్టు అడిగారు! టికెట్ ఉన్నా కూడా టీసీని చూస్తే గుండె దడదడలాడదా? బ్యాగులో వెతుక్కునే లోపే భయమేసి లేదనేశాను."

"కాస్త వెతుక్కోవాల్సిందండీ!"

"మీరు వెతుక్కున్నారా పెద్ద!"

కుర్చీలోంచి దగ్గు వినిపించింది. ముగ్గురం రాయిలా బిగుసుకుపోయాం. పోట్లాట సందడిలో ఆయన్ని అందరం మర్చిపోయాం.

"నేనిక్కడే ఉన్నాను. మూసుకున్నది కళ్ళు, చెవులు కాదు," అన్నారు టీసీ గారు. కళ్ళు తెరవలేదు. చుక్కలతో పాటు ఇంకేదో కూడా చెంప మీదకి జారుతున్నట్టనిపించింది నాకు. "ఏమ్మా. నీకు అంత భయంగా ఉంటుందా, నేనడిగితే?"

"అవును నాన్నా."

ఆయన చెంప తుడుచుకున్నారు. తర్వాత అదే ప్రశ్న, అవే మాటలు, కానీ గొంతు మాత్రం రైల్లోది కాదు. "ఆ కళ్ళజోళ్ళ కుర్రాణ్ణి ప్రేమిస్తున్నావా? అవునా, కాదా?"

"అవును నాన్నా."

"నువ్వయ్యా?"

"అవునండి. చాలా అండి."

"చాలా అనేది నేనడగలేదు." అన్నారు గానీ, పెదవి చివర నవ్వుంది. "మరి మొన్న ఇద్దరూ కాదన్నారు. ఏది నమ్మాలి?"

"మధ్యలో అంకుల్ ఇంకో ప్రశ్న అడిగారు నాన్నా. దాంతో పాతది చెరిగిపోయింది. మా పాఠంలో అంతే."

"మీ పాఠం ముందే తెలిస్తే బాగుండేది." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నా సర్వీసు మొత్తంలో, లేదన్నవాణ్ణి రెండోసారి అడగలేదమ్మా. కాస్త ఆగి అడిగుంటే ఎంతమందికి జేబులో దొరికేదో." చెయ్యి చాచి గాల్లో వెతికారు. "ఫోన్ ఎక్కడుంది? నాకు కనపడట్లేదు, ఆ ఆదివారం వాళ్ళకి నువ్వే నంబరు కలుపు."

"ఏం చెప్తారు నాన్నా?"

"కాదని చెప్తా."

"వాళ్ళు రెండోసారి అడిగితేనో?" అన్నాడు బుజ్జిగాడు కంగారుగా.

"అడిగేలోపు పెట్టేస్తానులేవయ్యా!"

వెళ్ళేటప్పటికి వాన వెలిసి ఎండ కాస్తోంది. చుక్కలు వేసిన కళ్ళకి ఆ ఎండ పడదు. టీసీ గారికి నల్లజోడు పెట్టాను, ఈసారి అసలు సిసలు పోలరైజ్డ్. ఒక చెయ్యి కూతురు పట్టుకుంది, ఒక చెయ్యి మా వాడు పట్టుకున్నాడు. ఆ అమ్మాయి మా వాడి భుజానికి కూడా రాదు. వీడేమో ఆరడుగులు. ఇద్దరి మధ్యా ఆ పెద్దమనిషి ఒక పక్క పైకి లేచి, ఒక పక్క కిందకి ఒరిగి, ఏటవాలుగా నడుస్తున్నారు.

గాజు తలుపు వెనక నిలబడి చూశాను. దాని మీద నిజంగానే దుమ్ము లేదండి. వీధి చివరి దాకా కనిపించారు ముగ్గురూ, ఇటుపక్క ఫుట్‌పాత్ మీదే.