కిటికీ పక్క బల్ల

సవరయ్య పొద్దున ఆరింటికి ఫొటో ల్యాబ్ తాళం తీసి ప్రింటింగ్ మిషన్ ఆన్ చేశాడు. లోపలి ట్యాంకుల్లో మందునీళ్లు ముప్పై ఎనిమిది డిగ్రీలకు రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆయన వాకిలి ఊడ్చి, గాజు కౌంటరు తుడిచాడు. మిషన్ వేడెక్కాక పరీక్ష కోసం ఒక ప్రింటు పట్టీ తీసి, గుమ్మం దగ్గర వెలుగులో రంగులు చూసుకున్నాడు. రంగులు సరిగ్గానే ఉన్నాయి. ప్రింటు చేయడానికి ఆర్డర్లే లేవు.

పాల్వంచలో భద్రాచలం రోడ్డు మీది బేతేల్ కలర్ ల్యాబ్‌కు ఒకప్పుడు పొద్దుటి బస్సుల్లో పార్సిళ్లు వచ్చేవి. భద్రాచలం నుంచి, ఏన్కూరు నుంచి, అడవి లోపలి ఊళ్ల నుంచి స్టూడియోల వాళ్లు ఫిల్ము రోళ్లు డబ్బాలో పెట్టి కండక్టరు చేతికిచ్చేవారు. ఫొటోల కవర్లు సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లేవి. ఆ స్టూడియోల్లో సగం ఇప్పుడు జిరాక్సు షాపులు. మిగిలినవాళ్లు ఆల్బమ్‌లు నెట్‌లో హైదరాబాదుకు పంపి అక్కడే ప్రింటు చేయిస్తున్నారు. పెళ్లిళ్లకు వెళ్లి ఫొటోలు తీసే సవరయ్య కొడుకు బెంజమిన్ కూడా అక్కడికే పంపుతాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మిషన్‌తో ఒక చిక్కుంది. రోజూ ఎన్నో కొన్ని ప్రింట్లు తీయకపోతే లోపల మందులు పాడవుతాయి. అందుకని సవరయ్య కంప్యూటరులో పాత ఫైలొకటి తెరిచి, ఎప్పటివో పెళ్లి ఫొటోలు ఇరవై తీసి, కౌంటరు కింద అట్టపెట్టెలో వేశాడు. ఏడాదిగా ఇదే పని. పెట్టె నిండబోతోంది.

ఎనిమిదింటికి ఇంట్లోకి వెళ్లి, నడిమి గదిలో నీళ్ల చెంబు అందుకున్నాడు. ఇల్లు ల్యాబ్ వెనకే. భార్య ప్రమీల వంటగదిలో కింద కూర్చుని గోంగూర తుంచుతోంది. కోడలు సువర్ణ బియ్యం కొలుస్తోంది.

"మామయ్యా, మిషన్ తీస్కపోయేటోళ్లు మనింట్లనే తింటరా? ఎంతమందికి పెట్టమంటరు?"

"ఏ మిషన్?"

సువర్ణ చేతిలో సోల ఆగింది. అత్త వైపు చూసింది. ప్రమీల తల ఎత్తలేదు.

"ఏ మిషనమ్మా?" సవరయ్య మళ్లీ అడిగాడు.

"ఖమ్మం నుంచి కిషన్‌లాల్ అని ఎవరో వస్తుండంట, పదింటికి. మా ఆయన మీకు చెప్పిండనుకున్న."

సవరయ్య చెంబు కింద పెట్టాడు. కిషన్‌లాల్ ఎవరో ఆయనకు తెలుసు. మూతపడిన ల్యాబుల్లో మిషన్లు కొని, విప్పి, భాగాలు అమ్ముకునే మనిషి. ఈ నాలుగేళ్లలో కొత్తగూడెంలో రెండు, మణుగూరులో ఒకటి విప్పాడు.

బెంజమిన్ స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. తండ్రి మొహం చూసి, భార్య మొహం చూసి, విషయం అర్థం చేసుకున్నాడు.

"ఏంరా, మిషన్ అమ్మినవా?"

"నిన్ననే చెప్దామనుకున్న. నువ్వు చర్చి మీటింగుకు పోయినవ్."

"నిన్న చెప్పి ఇయ్యాల పంపుతవా?"

"నెల నుంచి చెప్తనే ఉన్న నాన్నా. నేను ఆ మాటెత్తంగనే నువ్వు లేచి పోతవ్. ఇంకెట్ల చెప్పాలె?"

"నా మిషన్ అమ్మనీకి నువ్వెవడివిరా?"

బెంజమిన్ ముందువైపు ల్యాబ్ హాల్లోకి వెళ్లి కౌంటరు కింది అట్టపెట్టె తెచ్చి నడిమి గదిలో బోర్లించాడు. ఫొటోలు నేల మీద పరుచుకున్నాయి. ఒకటి తీసి తండ్రికి చూపించాడు. పెళ్లి పీటల మీద ఒక పెళ్లికూతురు.

"ఈమె ఎవరో తెల్సా? మన బొజ్జయ్య మేనకోడలు. కొడుకు టెన్త్ చదువుతుండు. ఈ ఫొటో ఇప్పుడు ఎవరడిగిండ్రు?"

"మందులు పాడైతయిరా."

"ఫొటోల కోసం మందులుండాలె గని, మందుల కోసం ఫొటోలు తీసేదేంది నాన్నా?"

సువర్ణ వంగి ఫొటోలు ఏరబోయింది. బెంజమిన్ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కన్నకొడుకువు," అన్నాడు సవరయ్య. "నీ ఆల్బమ్‌లు ఈడ కొడితే ఈ మిషన్‌కు పని ఉండకపోతుండెనా? హైదరాబాదోనికి పంపుతవ్. ఊరోళ్లు నన్ను అడుగుతుండ్రు, నీ కొడుకే నీ దగ్గర చేపియ్యడా అని."

"మన మిషన్ల పన్నెండించులు దాటదు. పెళ్లోళ్లు పద్దెనిమిదించుల ఆల్బమ్ అడుగుతరు. వాళ్లకు ఏమని చెప్పాలె, మా నాయన బాధపడతడు, చిన్నది తీస్కోండని చెప్పాలెనా?"

"మిషన్ తీసేసి ఆ హాల్ల ఏం చేస్తవ్?"

"చిన్నపిల్లల ఫొటోలు. కాలనీలోళ్లు పిల్లలను తీస్కొని కొత్తగూడెం పోతుండ్రు, ఈడ చోటు లేక. రెండు సెట్లు ఏస్తే వాళ్లంత మన దగ్గరికే వస్తరు. చోటు మొత్తం ఆ మిషనే తింటున్నది."

"అది ఉంటదిరా. నేనున్నన్ని రోజులు ఉంటది."

"అయితే నువ్వూ అదీ ఉండుండ్రి." బెంజమిన్ గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే అదే సవరయ్యను ఎక్కువ భయపెట్టింది. "ఖమ్మంల స్టూడియోవాళ్లు రమ్మంటుండ్రు. ఇయ్యాల మిషన్ పోకపోతే, ఒకటో తారీఖుకు నేను సువర్ణను తీస్కొని పోత. కిరాయి ఇల్లు గూడ చూసిన."

సువర్ణ తలవంచుకుంది. అంటే ఆ మాట నిజమే. సవరయ్య గోడకు చెయ్యి ఆనించాడు. అరవై ఆరేళ్లు ఆయనకు. ఏ మూల నుంచి ఇది మొదలైందో వెతుక్కున్నాడు. తనను మార్పు ఒప్పని మొండివాడిగా లెక్కేయడం ఆయనకు అన్నిటికంటే గుచ్చుకుంది.

"నేను మారలేదంటవా? చీకటి గదిల మందులతోటి చేతులు కాల్చుకొని ఫొటోలు తీసినోన్ని. కలర్ వస్తే కలర్‌కు మారలేదా? ఈ రోడ్డు మీద మొదలు కంప్యూటర్ తెచ్చింది ఎవరు? రెండు వేల నాలుగుల. ఫిల్ము కంపెనీ ఏజెంటే ఇంక పదేండ్లు ఫిల్ముకు ఢోకా లేదన్నడు. నేను వినలే. తెచ్చిన. కొత్తగూడెం నుంచి వచ్చి చూసి పోయిండ్రు. నేను మారినన్ని సార్లు ఎవడన్న మారిండా? ఒక్క మాట అడగకుండ ఇట్ల చేస్తే మనిషికి ఎట్లుంటదిరా?"

"ఎట్లుంటది?"

ఆ మాట అన్నది ప్రమీల. ఆమె గోంగూర గిన్నె పక్కకు పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, వంటగది గుమ్మంలో నిలబడింది.

"నువ్వు ఊకో," అన్నాడు సవరయ్య.

"ఇరవై ఏండ్లు ఊకున్న. ఆ కంప్యూటర్ తెచ్చి యాడ పెట్టినవో యాదికుందా?"

"ఈ గదిలనే. కిటికీ పక్కన."

"అంతకుముందు ఆ కిటికీ పక్కన ఏముండె?"

సవరయ్య కిటికీ వైపు తిరిగాడు.

అక్కడ టచింగ్ బల్ల ఉండేది. ఏటవాలు చెక్క, దాని నడుమ గరుకు గాజు, కింద వెలుతురు పైకి కొట్టడానికి ఒక అద్దం. నెగెటివ్‌ను గాజు మీద పెట్టి, సూది మొనలా చెక్కిన పెన్సిలుతో మొహాల మీది మచ్చలు సరిచేసేవారు. పెళ్లయిన మొదటి నెలలో ఆ పని ప్రమీలకు నేర్పింది సవరయ్యే. మూడో నెలకు ఆమె ఆయన్ని మించింది. పంతొమ్మిదేళ్లు ఆ బల్ల ముందు కూర్చుంది. కలర్ వచ్చాక ప్రింట్ల మీద బ్రష్ పట్టింది. పోయినవాళ్ల చిన్న ఫొటోలు పెద్దవి చేసి, చొక్కాలు దిద్ది, కళ్లు దిద్ది ఇచ్చింది. బస్సులో వచ్చే కవర్ల మీద 'ప్రమీలమ్మ టచింగ్' అని రాసి ఉండేది.

"మా అమ్మకు బాగలేకుంటే భద్రాచలం పోయిన," అంది ప్రమీల. "పది రోజులకు తిరిగొస్తే నా బల్ల లేదు. వెనక రేకుల కింద పెట్టినవ్. నా చోట్ల కంప్యూటరు, దాని ముందట ఎవరో ఆపరేటరు."

"నీకు కండ్లు గుంజుతున్నయంటివి గద. రెస్ట్ దొరుకుతదనుకున్న."

"నన్నడిగినవా?"

ఆమె గుమ్మం మీద చెయ్యి పెట్టింది.

"నెల రోజులు, వంట చేసి, కండ్లద్దాలు తుడుచుకొని ఈ తలుపు కాడ నిలబడ్డ, ఏమన్న ఇస్తవేమోనని. ఒకరోజు నువ్వే నన్ను పిలిచినవ్. ఆపరేటర్ ఒక పిల్ల మొఖం మీది మచ్చ తీస్తుండు. ఎంత జల్దీ అయితున్నదో చూడు ప్రమీలా అని నాకే చూపిచ్చినవ్. మస్తు సంబురపడ్డవ్. నేనూ నవ్విన."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"ఏన్కూరు కాడి తండా నుంచి రూప్లి వచ్చింది. మొగడు పోయిండు, ఫొటో పెద్దది చెయ్యాలె, ప్రమీలమ్మనే చెయ్యమను అన్నది. నువ్వేమన్నవ్? ఆమె ఇప్పుడు చెయ్యదమ్మా, అంత కంప్యూటరే చేస్తది అన్నవ్. నేను తలుపెనకనే ఉన్న. నా పని అయిపోయిందని నాకట్ల తెల్సింది. నువ్వు చెప్తే గాదు. రూప్లికి చెప్తుంటే విని తెల్సుకున్న."

"ప్రమీలా..."

"ఆ వానకాలం బల్ల తడిసి ఉబ్బింది. నేనే పగలగొట్టి నీళ్ల పొయ్యిల పెట్టిన. బల్ల ఏమైందని గూడ నువ్వడగలే."

బెంజమిన్ నేల మీది ఫొటోల మధ్య నిలబడి ఉన్నాడు. బల్ల పోయినప్పుడు అతనికి పద్నాలుగేళ్లు. కంప్యూటరు వచ్చిన రోజు అతనికి గుర్తుంది. బల్ల పోయిన రోజు గుర్తులేదు.

"అమ్మా, ఇదంత నాకెప్పుడు చెప్పలే."

"చెప్తే ఏం చేద్దువు? ఇయ్యాల నువ్వు చేసింది గూడ అదే. నాకు పొద్దున సువర్ణ చెప్తే తెల్సింది. నీకు ఖమ్మంల ఇల్లు చూసే తీరికుంది, నాయన పక్కన కూసోని ఒక్కమాట చెప్పే తీరిక లేదు."

బెంజమిన్ కింద కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. సవరయ్య కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ పదో రోజు సాయంత్రం ప్రమీల బస్సు దిగి ఇంటికొచ్చినప్పుడు తానేం చేస్తున్నాడో గుర్తు తెచ్చుకోవాలనుకున్నాడు. ఆమె ఈ గదిలోకి వచ్చి ఉండాలి, చూసి ఉండాలి. ఆమె మొహం ఎలా ఉందో ఎంత తలచుకున్నా రాలేదు. తాను అప్పుడు ఆమె వైపు చూడలేదు.

పదింటికి బయట వ్యాను ఆగింది. కిషన్‌లాల్ ఇద్దరు మనుషులతో లోపలికొచ్చి టేపు పెట్టి మిషన్ కొలిచాడు. గుమ్మం కొలిచాడు. వచ్చినవాళ్లలో ఒకతను వంగి ప్లగ్గు వెతుకుతున్నాడు.

"ఆగు," అన్నాడు సవరయ్య.

బెంజమిన్ తండ్రి వెనకే వచ్చాడు. గొడవ మళ్లీ మొదలవుతుందని అతని మొహం బిగుసుకుంది. సవరయ్య అతని వైపు చూడలేదు. ఇంటి వైపు తిరిగి పిలిచాడు.

"ప్రమీలా, ఒకసారి ఇటు రా."

ఆమె హాలు గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"లోపలికి రా. ఈ మిషన్ ఇచ్చేద్దామంటవా, ఉంచుదామంటవా?"

కిషన్‌లాల్ టేపు చుట్టుకుంటూ కలగజేసుకున్నాడు. "పెద్దాయనా, మీ అబ్బాయితోటి అన్ని మాట్లాడుకున్నం గద. వ్యాను కిరాయి గూడ..."

"నువ్వుండు కిషన్‌లాల్. నేను ఆమెను అడుగుతున్న."

ప్రమీల మిషన్ దగ్గరకొచ్చి, మూత మీద అరచెయ్యి పెట్టి, వేడి తగిలి తీసేసింది. కొడుకు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"ఇద్దాం," అంది. "పిలగాడు చెప్పింది తప్పు గాదు. దీనికి పనిలేదు. ఇల్లు నడవాలె, వీళ్లు ఈడుండాలె."

సవరయ్య తల ఊపాడు.

"గని ఇయ్యాల గాదు," అంది ప్రమీల. "వచ్చే వారం రమ్మను. పని పోతదని తెల్సినంక మనిషికి కొన్ని రోజులుండాలె. తుడుచుకోవాలె, సర్దుకోవాలె. నాకు ఉండలే. నీకన్న ఉండనియ్."

సవరయ్య కళ్లద్దాలు తీశాడు. తుడవడానికి చొక్కా అంచు పట్టుకున్నాడు కానీ తుడవలేదు. బెంజమిన్ తండ్రి దగ్గరకొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయింది నాన్నా. చెప్పకుండ చెయ్యొద్దుండె."

"నాకు చెప్పుడు తర్వాత," అన్నాడు సవరయ్య. "మీ అమ్మకు నేను చెప్పాలె ముందు." ఆమె వైపు తిరిగాడు. "తప్పు చేసిన ప్రమీలా."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బెంజమిన్ కిషన్‌లాల్‌ను బయటికి తీసుకెళ్లాడు. వాకిట్లో వ్యాను కిరాయి గురించి ఇద్దరి మాటలు కాసేపు వినిపించి ఆగిపోయాయి. వ్యాను స్టార్ట్ అయి భద్రాచలం రోడ్డు ఎక్కింది.

"మరి ఈ వారం రోజులు ఏం చేద్దాం?" అని సవరయ్య అడిగాడు.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

ప్రమీల కౌంటరు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. రెండోది కాలితో ఆయన వైపు జరిపింది.

"చెప్త. నువ్వు గూడ కూసో."